జెడ్ డ్రైవు కనబడని ఊరు

బహుళ నవమి

ఉదయం పోటుకు యంత్రం తాళ్ళు వదల్లేదు. నవమి నాటి చిన్న పోటు కాబట్టి మా ఇళ్ళు మోసే ఈ తేలే పంటు ఓ పక్కకు వంగి, వంటగదుల్లో గిన్నెలు దొర్లి, అంతటితో సరిపోయింది. నేను పోటు గదికి పరిగెత్తేసరికి నల్ల తెర మీద ఒకటే వాక్యం: "జెడ్ డ్రైవు కనబడలేదు."

నేను నాంచారును. ఐదో పంటుకు పోటు చూసే పని నిన్ననే నా చేతికొచ్చింది. ఈ దినచర్య పుస్తకంలో ముందున్నవన్నీ సువార్త పిన్నమ్మ రాతలు. ఏ పూట తీసినా అదే మాట: "తాళ్ళు వదిలింది. నడిపినది: సువార్త." ఊరంతటి ప్రాణం ఒక మనిషి పేరు మీద వేలాడటమేమిటని నాకు ఒళ్ళు మండింది. "యంత్రానికి యజమాని పేరెందుకు?" అని కరపత్రం రాసి, పంటు పంటుకూ తెప్ప మీద తిరిగి పంచాను. సభ ఒప్పుకుంది. పిన్నమ్మను గదిలోంచి లేపారు, యంత్రంలో ఆమె పేరు చెరిపేశారు, పని నడిపేవారి గడిలో "ఊరు" అని రాశారు. మళ్ళీ ఏ పెద్దమనిషీ దూరకుండా ఆ గడి మనుషుల పేర్లు ఒప్పుకోకూడదని కూడా నేనే పట్టుబట్టి కట్టించాను. అన్ని పంటుల సభ కూడితే తప్ప ఆ కట్టు విప్పడం కుదరదు. ఊరి పని ఊరి పేరుతో జరగాలి. అందులో నాకు అనుమానం లేదు.

అనుమానమల్లా ఈ జెడ్ డ్రైవు మీదే.

పంటుకు నాలుగు మూలలా నాలుగు తాళ్ళు. వాటి అడుగు కొసలు నీళ్ళ కింద మునిగిన పాత ఊరి మేడల స్తంభాలకు కట్టి ఉంటాయి. నీరు లేస్తుంటే మోటారు గిలకలు తాడు వదలాలి, దిగుతుంటే చుట్టుకోవాలి. ఎప్పుడు ఎంత వదలాలో చెప్పే పట్టిక తల్లి పంటులోని సమాచారం కొట్టులో ఉంటుంది. పోటుకు ముందు గడియారం మా స్క్రిప్టును, అంటే వరసగా రాసిపెట్టిన ఆదేశాలను, లేపుతుంది. స్క్రిప్టు తీగ మీదుగా ఆ కొట్టుకు పోయి, పట్టిక చదివి, గిలకలకు చెబుతుంది. ఆ కొట్టుకు మా యంత్రంలో పెట్టుకున్న ముద్దుపేరే జెడ్ డ్రైవు.

నా పేరుతో యంత్రం లోపలికి వెళ్ళి, అదే స్క్రిప్టును నా చేత్తో నడిపాను. గిలకలు తిరిగాయి. తాళ్ళు వదిలాయి. పంటు సర్దుకుంది.

ఏమీ అర్థం కాలేదు. తీగలో ఉప్పు పట్టి ఉంటుందనుకున్నాను.

బహుళ దశమి

ఉప్పు కాదు. తీగ విప్పి గుడ్డతో తుడిచి బిగించాను. అయినా గడియారం లేపిన ప్రతిసారీ "జెడ్ డ్రైవు కనబడలేదు." నేను లేపిన ప్రతిసారీ జెడ్ డ్రైవు ఎదురుగా కూర్చుని ఉంటుంది. డ్రైవుల వరస చూపించమని నల్ల తెర మీద ఆదేశం కొట్టాను. "జెడ్: తల్లి పంటు కొట్టు. సరిగా ఉంది." సరిగా ఉంటే ఎందుకు కనబడదు? కనబడనిది సరిగా ఉందని ఎవరు చెబుతున్నారు?

బల్ల మీద గుద్దితే చెయ్యి వాచింది. యంత్రానికేం కాలేదు.

మా అక్క మాణిక్యం గంజి పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడింది. నెలలు నిండిన మనిషి. పంటు మీంచి పంటు మీదికి నిచ్చెన దాటొద్దని మంత్రసాని చెప్పింది. ఆమె గది ఆగ్నేయం మూల, అన్నిటికంటే పల్లంలో ఉంది. పంటు వంగితే నీరు ముందు చేరేది అక్కడికే.

"ఏంట్రా, నీ చేత్తో నడిపితే నడుత్తందంట గదా. నడుపుకో మరి."

"అది పద్ధతి కాదక్కా. యంత్రం దానంతటది నడవాలి."

"పద్ధతి సంగతి తర్వాత. అమావాస్యకి ఏం సేత్తావు?"

అమావాస్య పెద్ద పోటు లేచేటప్పుడు ఉన్న కరెంటంతా గిలకలే లాగేస్తాయి. తెర, మీటలు ఆర్పేయాలి. అప్పుడు నేనే కాదు, ఎవరూ ఒక్క అక్షరం కొట్టలేరు. గడియారం, స్క్రిప్టు, గిలకలు మాత్రమే మేలుకుని ఉంటాయి. గిలకలను చేతికర్రలతో తిప్పుదామంటే నాలుగు మూలలూ సమానంగా వదలాలి. ఆ పోటు వేగానికి మనుషుల చేతులు చాలవు. ఒక్క మూల బిగిసినా పంటు అటు ఒరిగిపోతుంది. కిందటేడు ఏడో పంటుకు అదే జరిగింది. ఇప్పుడు ఏడో పంటు లేదు.

"సూత్తాలే అక్కా" అన్నాను.

"సూడు. నువ్వు సూసేలోపు నేను కనేత్తానేమో" అని గంజి అక్కడ పెట్టి వెళ్ళిపోయింది.

బహుళ ఏకాదశి

రాత్రంతా ఆలోచిస్తే ఒక్కటే తట్టింది. ఇది కుట్ర. నేను చేతిలోకి తీసుకున్నప్పుడు తెరిచి, గడియారం వచ్చినప్పుడు మూసేవాడు ఎవడో ఉన్నాడు. ఊరి పేరుతో పని జరగడం ఇష్టం లేనివాడు. కొట్టు తాళాలు తల్లి పంటు కాపరి బాలశౌరి దగ్గర ఉంటాయి. ఆయన సువార్త పిన్నమ్మకు వరసకు తమ్ముడు. ఇంకేం కావాలి?

తెప్ప వేసుకుని వెళ్ళాను. బాలశౌరి బాబాయ్ చేపలు బాగుచేసుకుంటున్నాడు. నేను అనాల్సినవన్నీ అన్నాను. కొట్టు జనం సొత్తని, తాళాలు పట్టుకున్నవాడు జనానికి నౌకరే తప్ప దొర కాదని, పీడకుడు ఎప్పుడూ తలుపు చాటునే ఉంటాడని. చివరిది నా కరపత్రంలోని వాక్యమే.

ఆయన కత్తి కడుక్కుని, చంకలోంచి వెలుగు పలక తీసి నా ముందు పెట్టాడు.

"సూడరా. మొన్నట్నించీ మా తలుపు తట్టినోళ్ళ పేర్లు. నీ పేరుందా?"

ఉంది. నేను చేత్తో నడిపిన ప్రతిసారీ ఉంది.

"మరి గడియారం లేపినప్పుడు?"

"ఎవుడూ రాలేదు. తట్టనోడికి నేను తలుపెట్టా మూత్తాను? మీవోడు అసలు బయల్దేరనే లేదు."

బయల్దేరలేదు. అంటే స్క్రిప్టు మా పంటు దాటి అడుగు కూడా పెట్టలేదు. "కనబడలేదు" అని మా గదిలోనే కూర్చుని చెబుతోంది.

కుట్ర అయితే బాగుండేది. కుట్రకైతే ఏం చెయ్యాలో నాకు తెలుసు.

"ఇంకేమన్నా మిగిలిందా సదవడానికి? లేకపోతే నా సేపలు ఎండిపోతాయి" అన్నాడు. నేను తెప్ప ఎక్కాను.

బహుళ ద్వాదశి

జెడ్‌ను తీసేసి కొత్తగా కట్టాను. "ఎప్పటికీ ఉండుగాక" అని యంత్రానికి చెప్పే మాట ఒకటుంది, అదీ చేర్చాను. గడియారం లేపింది. కనబడలేదు.

చాలాసేపు ఎవరూ వాడకపోతే తీగ నిద్రపోతుందని ఎక్కడో చదివాను. నిద్రపోనివ్వకుండా మాటిమాటికీ కొట్టును పలకరించే చిన్న స్క్రిప్టు ఇంకోటి రాసి నడిపించాను. కొట్టు పలికింది. ప్రతిసారీ పలికింది. గడియారం లేపింది. కనబడలేదు.

పంటు మీద జనం నన్ను చూసి మాటలు ఆపేస్తున్నారు. నిన్నటి దాకా నా కరపత్రం గోడలకు అంటించుకున్నవాళ్ళే.

ఇష్టం లేకపోయినా సువార్త పిన్నమ్మ దగ్గరికి వెళ్ళాను. పొద్దు వాలే వేళ వల బాగుచేసుకుంటోంది. తల ఎత్తలేదు.

"వచ్చావా యజమానీ."

"నేను యజమానిని కాదు పిన్నమ్మా."

"అవును గదా. ఊరు యజమాని. కూకో."

కూర్చున్నాను. ఆమె హయాంలో జెడ్ ఎప్పుడైనా మాయమైందా అని అడిగాను.

"కొత్తలో అయ్యేది. నేను యంత్రంలోంచి బయటికొచ్చి ఇంటికి పోతే, తాళ్ళు వదిలేది గాదు. లోపలుంటే వదిలేది. ఎందుకో నాకు తెలవదు. దానికి నేనంటే మాలిమి అనుకున్నాను."

"అందుకని?"

"అందుకని బయటికి రాలేదు. ఈ ఒక్క పోటుకి కూకుందాం అనుకుని కూకున్నాను. తర్వాత లేవడానికి ధైర్నం సాల్లేదు. మా సెల్లి రెండో పంటులో ఉంటది, దాని కొత్త ఇల్లు నేను సూడనేలేదు. అక్కడే తిన్నాను, అక్కడే పడుకున్నాను, జొరం అక్కడే పడ్డాను."

నా కరపత్రం మూడో పేరా "కుర్చీని కరుచుకున్న చేతులు" అని మొదలవుతుంది. రాసినప్పుడు ఆ వాక్యం నాకెంతో నచ్చింది.

"సభలో ఎందుకు చెప్పలేదు?"

"సెప్పాను. అప్పుడు నువ్వు బల్లెక్కి సదువుతున్నావు."

వల ముడి పళ్ళతో కొరికి తెంపింది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను. ఆమె లోపలుంటే వదిలేది, బయటికొస్తే వదిలేది కాదు. యంత్రానికి మాలిమి ఏమిటి? నేను కూడా లోపలే ఉన్నాను కదా, మరి నాకెందుకు వదలదు?

బహుళ త్రయోదశి

ఇన్నాళ్ళూ యంత్రాన్నే అడిగాను. స్క్రిప్టును ఒక్కసారీ అడగలేదు. ఈ పొద్దున దాని తలమీద రెండు ఆదేశాలు చేర్చాను. లేవగానే ముందు తనెవరో చెప్పాలి. తనకు కనిపించే డ్రైవులేవో చెప్పాలి. తర్వాతే పని.

చేత్తో నడిపితే ఇలా వచ్చింది:

"నేను: నాంచారు. డ్రైవులు: జెడ్."

పోటు వేళకు గడియారం లేపింది. తెర మీద ఇలా వచ్చింది:

"నేను: ఊరు. డ్రైవులు: ఏవీ లేవు."

పిన్నమ్మ నా వెనకే నిలబడి చూస్తోంది. పిలవకుండానే వచ్చింది. అంతటి ఊరికి ఏవీ లేకపోవడమేమిటి?

"ఒరే నాంచారూ, నువ్వు అక్క అంటే ఎవరు?"

"మాణిక్యం."

"నేను అక్క అంటే?"

"మీ పెద్దామె. కోటమ్మ."

"ఈ గదిలోనే ఇద్దరం నిలబడి అక్కా అని పిలిత్తే ఇద్దరు వేరే మనుషులు పలుకుతారు. మరి ఊరు అక్కా అంటే ఎవరు పలుకుతారు?"

ఎవరూ పలకరు. ఊరికి అక్క ఎవరో ఎవరూ చెప్పలేదు.

జెడ్ కూడా అంతే. అది గది గోడకు రాసిన పేరు కాదు. ఎవరికి వాళ్ళు లోపలికి వెళ్ళి పెట్టుకున్న పిలుపు. నేను పెట్టుకున్నది నాకే, నేను లోపలున్నంతసేపే. పిన్నమ్మ రోజుల్లో పని నడిచింది ఆమె పేరుతో, అదీ ఆమె లోపల ఉన్నప్పుడు. కాబట్టి ఆమె పిలుపు దానికి అందింది. ఆమె పేరు తీసి ఊరు పేరు పెట్టాం. పిలుపు మాత్రం ఎవరమూ నేర్పలేదు. నేను ఎన్నిసార్లు కొత్తగా కట్టినా కట్టింది నాకోసమే.

"అయితే ముద్దుపేరు వద్దు. అసలు చిరునామా పూర్తిగా రాద్దాం. ఏ పంటు, ఏ కొట్టు, ఏ పట్టిక. ఎవరు చదివినా ఒకే చోటికి పోయేలా" అన్నాను.

"నా కాలంలో అట్టా రాసుంటే నేను ఇంటికెళ్ళి పడుకునేదాన్ని" అంది పిన్నమ్మ. ఆ గొంతులో దెప్పిపొడుపు లేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది.

స్క్రిప్టులో జెడ్ ఉన్న చోటల్లా తల్లి పంటు కొట్టు పూర్తి చిరునామా రాశాను.

బహుళ చతుర్దశి

గడియారం లేపింది. కొత్త మాట వచ్చింది: "ఊరు అనేవారు ఎవరో కొట్టుకు తెలియదు. ప్రవేశం లేదు."

పిచ్చివాడిలా నవ్వాను. ఈసారి బయల్దేరింది, దారి పట్టింది, తలుపు దాకా పోయింది. తలుపు దగ్గర నువ్వెవరు అన్నారు.

నా పేరు, సంకేతపదం స్క్రిప్టులోనే రాసేస్తే పని అయిపోతుందని తెలుసు. కానీ ఒకరి పేరుతో ఇంకొకరు లోపలికి పోవడం మా పంటుల మీద అన్నిటికంటే పెద్ద తప్పు. పాత ఊరు మునిగిన కొత్తలో, నీళ్ళలో పోయినవాళ్ళ పేర్లు చెప్పుకుని వాళ్ళ మంచినీళ్ళ వంతు తాగినవాళ్ళున్నారు. అప్పటినుంచి పేరు అరువిచ్చినవాణ్ణీ, తీసుకున్నవాణ్ణీ వెలి వేస్తారు. కొట్టు జాబితాలో కొత్త పేరు చేర్చగలిగేది ఒక్క బాలశౌరే.

మళ్ళీ తెప్ప.

"వచ్చావా. ఇయ్యాల నేను పీడకుణ్ణా, నౌకర్నా?"

"మొన్న తొందరపడ్డాను బాబాయ్. మీరు తలుపు ముయ్యలేదు."

ఆయన చేప బుట్ట కింద పెట్టాడు. "సరే. ఏం కావాలి?"

చెప్పాను. ఆయన తల గోక్కున్నాడు.

"పేరు సేర్సాలంటే ఆ పేరుగలోడు నా ఎదర ఉండాలి. మూడుసార్లు పిలుత్తాను. ఆడే 'ఆ' అని పలకాలి. బతికున్నోడని నా సెవులతో ఇనాలి. ఇది నా నియమం గాదు, నీకు తెలుసు."

"ఊరు ఎలా అంటుంది బాబాయ్?"

"అది కరపత్రం రాసేటప్పుడు సూసుకోవాల్సింది."

"నేను పలుకుతాను."

"నువ్వు పలికితే నాంచారు పలికినట్టు. ఆడి పేరు నా దగ్గరుంది." చేప బుట్ట ఎత్తుకుంటూ అన్నాడు: "రేపు పోటుకి ముందు అటు వత్తాను. పలికితే సేరుత్తాను."

పంటుకు తిరిగొచ్చి గుమ్మం గుమ్మం తిరిగాను. రేపు పిలిచినప్పుడు పలకండి అన్నాను. పడవలు నడిపే పెద్ద సరంగు నాగేశు, "ఊరంటే పెద్దలు, మేం నలుగురం పలుకుతాం లే" అన్నాడు. కుర్రాళ్ళు అదెలా కుదురుతుందన్నారు. ఆడవాళ్ళు, మమ్మల్ని సభలో ఎప్పుడు పలకనిచ్చారు గనక అన్నారు. అందరూ ఒకేసారి పలకాలని నేను వరసలో నిలబెట్టి ఒకసారి అనిపించి చూశాను. తలా ఓసారి "ఆ" అన్నారు, ఒకరి మొహాలు ఒకరు చూసుకుని సిగ్గుపడ్డారు. అది ఊరు పలికినట్టు లేదు. బడిలో హాజరు వేసినట్టుంది.

నేను ఇన్నాళ్ళూ "ఊరు" అని రాస్తూ వచ్చింది ఎవరి గురించి?

అమావాస్య

ఇది పోటు తర్వాత రాస్తున్నాను.

గాలి తోడై నీరు గడియారం వేళ కంటే ముందే లేచింది. నిన్నటి వరసలన్నీ గాలికిపోయాయి. ఎవరూ చెప్పకుండానే జనం నాలుగు మూలలకూ పోయి చేతికర్రలు పట్టుకున్నారు. స్క్రిప్టు వదలకపోతే చేతనైనంత తిప్పడానికి. తాళ్ళు అప్పటికే బిగిసి చిటచిటమంటున్నాయి. తెర ఆర్పేసి నేను ఆగ్నేయం మూలకు వెళ్ళాను. అక్క గుమ్మంలో నీరు కనబడుతోంది. ఆమె మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది.

"భయంగా ఉందా?" అన్నాను.

"నీ మొహం సూత్తే ఉంది" అంది.

బాలశౌరి పడవ వచ్చింది. పంటు ఎక్కే వీలులేక అలల మీద ఊగుతూనే నిలబడ్డాడు. ఒక చేత్తో పలక, ఇంకో చేత్తో తెడ్డు. పడవ తిన్నగా ఉండటం లేదు. పిలిచాడు:

"ఊరూ."

ఎవరూ పలకలేదు. గాలి, తాళ్ళ మోత. 'ఆ' అనే మాట నా నోటి దాకా వచ్చింది. నేను అనేస్తే అయిపోతుందనిపించింది. కాదు, నేనంటే అది నాంచారు. పెదవి కొరికి పట్టుకున్నాను. ఇంత కష్టమైన పని నేనెప్పుడూ చెయ్యలేదు.

"ఊరూ."

"ఏంటి తమ్ముడూ, సేతులు కాళీ లేవు" అని ఈశాన్యం మూలనుంచి సువార్త పిన్నమ్మ, కర్ర మీంచి తల తిప్పకుండానే.

"ఆ, ఉన్నాం, సెప్పు" అని పక్కనించి నాగేశు సరంగు.

"ఆ" అని వంటగది వైపునుంచి ఎవరో. "ఎవరదీ, ఆ" అని ఇంకెవరో. వాయవ్యం మూల కుర్రాళ్ళు ఏం వినబడిందో ఏమో, కర్ర నొక్కుతూ "ఆఁ" అని దీర్ఘం తీశారు. ఒక గొంతుతో ఒక గొంతు కలవలేదు. ఒకరు పలుకుతున్నట్టు ఇంకొకరికి తెలియదు. చివర్న లోపలనుంచి మా అక్క, విసుగ్గా, "ఇక్కడున్నాం, ఎక్కడికి పోతాం" అంది.

మూడోసారి పిలిచినప్పుడు నేనూ పలికాను. నా గొంతు నాకే వినబడలేదు.

బాలశౌరి తెడ్డు చంకలో ఇరికించుకుని పలక మీద ఏదో రాశాడు. "పలికింది" అన్నాడు. పడవ వెనక్కి తిప్పాడు.

తర్వాత గడియారం లేపేదాకా నిలబడి ఎదురుచూడటమే. తెర లేదు, అడగడానికి లేదు. అక్క గది గుమ్మం మునిగింది. మంచం కోడు తడిసింది. అప్పుడు నా పక్కనున్న గిలక టక్కున ఓ పన్ను తిరిగింది. ఇంకో పన్ను. తాడు సర్రున జారింది. నాలుగు మూలలా అదే చప్పుడు. పంటు మెల్లగా నీళ్ళతోపాటు లేచింది. చేతికర్రలు పట్టుకున్నవాళ్ళు వాటిని వదలాలో వద్దో తెలియక అలాగే నిలబడ్డారు. అక్క చీపురు తీసుకుని గదిలో నీళ్ళు బయటికి తోయబోతే నేను లాక్కున్నాను.

నీరు దిగాక తెర వెలిగించాను. ఇలా ఉంది:

"నేను: ఊరు. డ్రైవులు: ఏవీ లేవు. పట్టిక చదివాను. తాళ్ళు వదిలాను."

డ్రైవులు ఇప్పటికీ ఏవీ లేవు. అయినా పోయి చదువుకొచ్చింది. అర్థమైనట్టే ఉంది, మళ్ళీ కాలేదు. పొద్దున పలికింది ఎవరని రేపు ఎవరైనా అడిగితే నేను వేలు పెట్టి చూపించలేను.

సువార్త పిన్నమ్మ చేతిసంచి పట్టుకుని వచ్చింది. రెండో పంటుకు, చెల్లెలింటికి పోతున్నానంది. గుమ్మంలో ఆగి కుర్చీ వంక చూసింది.

"రాత్రి పోటుకి ఎవరు కూకుంటారు?"

"ఎవరూ కూర్చోరు."

"లోపలెవరూ ఉండరా?"

"ఉండరు."

ఆమె నిచ్చెన వైపు నడిచింది. సగం దూరం పోయి వెనక్కి తిరిగి చూసింది. నేను చెయ్యి ఊపాను.

ఇప్పుడు యంత్రంలోంచి నా పేరు తీసి బయటికొస్తున్నాను. తలుపు దగ్గరగా వేస్తాను. గడియ పెట్టను.